బియ్యం కడిగిన నీళ్ళు

రాణి బియ్యం కడుగుతోంది. గిన్నెలో చెయ్యి పెట్టి రెండు చుట్లు తిప్పేసరికి నీళ్ళు తెల్లబడ్డాయి. రోజూ ఆ మొదటి నీళ్ళను వాకిట్లోని మందార మొదట్లో పోస్తుంది. నిన్నా ఇవాళా పోయలేదు. ముందుగది వైపు ఒకసారి చూసి, గిన్నె అంచుకు అరచెయ్యి అడ్డం పెట్టి, నీళ్ళను చెంబులోకి వంచింది. గ్యాస్ పొయ్యి వెనక ఇంకో చెంబు ఉంది. అందులోవి నిన్నటి నీళ్ళు. మూత తీసి వాసన చూసింది. పులిశాయి. అచ్చం కల్లు వాసన కాదు. అయినా తాగే తొందరలో ఉన్నవాళ్ళు పట్టుకునేంత తేడా లేదు. చిటికెడు చక్కెర వేసి వేలితో కలిపింది.

ముందుగదిలో అత్త సమ్మవ్వ బీడీలు చుడుతోంది. తునికాకు మీద కత్తెర ఆడే చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా రాణి చెయ్యి కూడా ఆగింది.

కల్లు సీసా మూలన బకెట్ నీళ్ళలో మెడదాకా మునిగి ఉంది. పాత కూల్‌డ్రింక్ సీసా. సమ్మవ్వ రోజూ మధ్యాహ్నం దుకాణం నుంచి తెచ్చి అక్కడ పెడుతుంది. పొద్దువాలాక తను కొంత, కొడుకు జీవన్ కొంత. రాణి మూత తిప్పి, సగానికి కాస్త తక్కువగా తూములో వంచేసింది. వాసన నిలవకుండా వెంటనే నీళ్ళు కొట్టింది. ఖాళీ అయినంత మేర కడుగునీళ్ళు నింపి, మూత బిగించి, సీసా ముందు ఎటు వాలి ఉందో అటే వాల్చింది.

హైదరాబాద్ హాస్పిటల్ నుంచి మళ్ళీ పిలుపు వచ్చేలోగా ఆ సీసాలో కల్లు లేకుండా చేయాలి. అత్తకు తెలియకూడదు. జీవన్‌కు అసలే తెలియకూడదు.

"ఏమే రాణీ, గంతసేపాయె నీళ్ళ సప్పుడేందే?"

"బియ్యం కడుగుతున్న అత్తమ్మా."

"ఎంతసేపు కడుగుతవ్? అండ్ల ఏమన్న బంగారం దొరుకుతదా?"

రాణి నవ్వినట్టు గొంతు చేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

సాయంత్రం జీవన్ గడప మీద కూర్చుని గ్లాసు అందుకున్నాడు. గొరిగిన తల మీద వెంట్రుకలు గరుకుగా మొలుస్తున్నాయి. ఎడమ చెవి ముందు మొదలై పైకి పోయి వెనక్కి వంగిన కుట్ల గీత మీద మాత్రం ఇంకా ఏమీ మొలవలేదు. ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు.

"పల్సగ లేదానే అవ్వా?"

సమ్మవ్వ నాలుక మీద ఆడించి చూసింది. "ఎండలు ముదిరినయ్ కొడుకా. చెట్లు పారుత లేవట. దుకాణపోడు నీళ్ళు కలుపుతున్నడు. రేపు అడుగుత వాని సంగతి."

రాణి పొయ్యి మంట తగ్గించింది. మళ్ళీ పెంచింది.

మామ చంద్రయ్య సాంచల షెడ్డు నుంచి, మరమగ్గాల మీద పని ముగించుకుని వచ్చాడు. వచ్చే దారిలోనే దుకాణం దగ్గర తాగొస్తాడు కాబట్టి ఇంటి సీసా ముట్టడు. తలలో నూలు దుమ్ము దులుపుకుంటూ వాకిట్లోనే మొదలుపెట్టాడు.

"ఇయ్యాళ షెడ్డుల అందరికి చెప్పిన. ఫిట్స్‌కని తల కోసిండ్రు, చూసిండ్రు, మల్ల కుట్టి పంపిండ్రు. కుట్టి పంపుడేంది? బట్టనా అది? మత్తు ఎక్కువ కొట్టింది గా మత్తు డాక్టరు పోరి. గందుకే మిషన్ల ఏం కనవడలే. పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి గట్టిగ చెప్పిన, మల్లోసారి గా పిల్ల చేతుల పెడితె ఊకోనని."

"డాక్టరు ఏమన్నడు?" అంది సమ్మవ్వ.

"ఏమంటడు? సరే అన్నడు." చంద్రయ్య కాళ్ళు కడుక్కుంటూ కోడలి వైపు చూడకుండా నవ్వాడు. "కోరుట్లోల్లంతా గంతే. మాటలెక్కువ, పని తక్కువ."

రాణిది కోరుట్ల. ఆ మత్తు డాక్టరు మెహజబీన్‌ది కూడా కోరుట్లే. హాస్పిటల్ వార్డులో రాణి మాట విని, "ఏ గల్లీ అక్కా మీది?" అని తనే అడిగింది. జాకెట్లు కుట్టే జులేఖాబీ బిడ్డనని చెప్పుకుంది. జీవన్ తల మూసి బయటికి తెచ్చిన రోజు వార్డు తలుపు దగ్గర నిలబడి, టోపీ కూడా తీయకుండా, రాణికి అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆమే.

"మీ ఆయన సాంచల కాడ పని చేస్తడు కద. షెడ్డుల అన్ని సాంచలు ఆడుతుంటె, ఏది తేడా కొడుతుందో చెవితోటే పట్టుకుంటడు కద. మాది గూడ గంతే. తల తెరిచి, మెదడు మీద తీగల బిళ్ళ పరుస్తం. ఫిట్స్ లేసే జాగల గీతలు ముండ్లోలె లేస్తయ్. గంత వరకే కోస్తరు. మత్తు ఎక్కువైతె అన్ని సాంచలు బంద్ పడ్డట్టే, ఏది చెడ్డదో తెల్వది. గందుకే గా టైముల మత్తు తగ్గిస్త. తగ్గించిన అక్కా. ముండ్లు లేవలే. మెదడంత ఒక్క తీరుగ సన్నటి వణుకు. మేమియ్యని మత్తేదో ఒంట్ల ఉన్నట్టు. ఇంటికి పోయినంక ఏం తింటుండో, ఏం తాగుతుండో జర చూడు."

ఆపరేషన్‌కు ముందు, నిద్రగోలీలు గానీ తాగుడు గానీ ఉన్నాయా అని అడిగితే, "మా ఇంట్ల అసొంటియి లెవ్వు" అని సమ్మవ్వే చెప్పింది. అబద్ధం చెబుతున్నానని ఆమె అనుకోలేదు. సారా తాగుడు, బ్రాందీ తాగుడు. కల్లు అలా కాదు, అది అన్నం పక్కన ఉండేది. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డు బయట మెట్ల మీద, తమ ఊరు సిరిసిల్ల నుంచి నీళ్ళసీసాలో పట్టుకొచ్చిన కల్లును కొడుక్కు తాగించిందీ ఆమే. "రేపు తల కోస్తరు, బుగులు పడతవ్, గింత తాగు." రాణి చూసింది. దుకాణంలో కల్లులో మత్తు పౌడర్ కలుపుతారని గల్లీ అంతా అనుకునేదే. అయినా మెహజబీన్ చెప్పేదాకా ఆ పౌడర్‌నూ ఈ ఆపరేషన్‌నూ రాణి కలిపి చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది.

ఆ గల్లీలో పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మరమగ్గాల చప్పుడు ఆగదు. ఉన్నంతసేపూ ఎవరికీ వినపడదు, ఆగినప్పుడే వినిపిస్తుంది. ఒక్కసారిగా షెడ్లన్నీ ఆగిపోయాయి. ఎక్కడో ఎవరో దగ్గారు. మందార మీద పిట్ట అరిచింది.

జీవన్ తలుపు చెక్కను పట్టుకున్నాడు.

"ఏమైంది?" రాణి బీడీల చాట పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. ఫిట్స్ వచ్చే ముందు అతని చూపు నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తాడు. కుడిచెయ్యి చొక్కా గుండీ కోసం వెతుకుతుంది. కాసేపటికి అదే పోతుంది. ఇప్పుడు చూపు నిలవలేదు. ఆమెనే చూస్తున్నాడు.

"సప్పుడు బంద్ అయితె భయమైతది."

"కరెంటు పోయింది, గంతే."

"గది కాదు." గొంతు బాగా తగ్గించాడు. సమ్మవ్వ ఆకు తేవడానికి కార్ఖానాకు పోయింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. "నాకు ఇనవడ్డది రాణీ. ఆపరేషన్ల."

"ఏం ఇనవడ్డది?"

"ముందుగాల గిట్లనే, అన్ని సప్పుళ్ళు బంద్ అయినట్టాయె. ఎనుక ఒక ఆడగొంతు. 'ఇంకా తగ్గించిన సార్, అయినా ఏం వస్తలేదు' అన్నది. 'ఆగు, చూద్దాం' అని ఇంకొకలు. నేను ఇంటున్న అని చెప్దామంటె నాలుక లేవలే, ఏలు లేవలే. నొప్పి లేదు. నొప్పి లేదు గని, నా తల తెరిచి ఉన్నదని ఎర్కయింది నాకు."

రాణి అతని చేతిని తలుపు చెక్క నుంచి విడిపించి తన చేతిలోకి తీసుకుంది.

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? పిచ్చోడంటరు. కల్లు తాగిన ఎనుక గది యాదికి రాదు. గింత తాగితె చాలు, దూరం పోతది." తల వంచుకున్నాడు. "నిన్న తాగినా పోలే. రాత్రంత గా గొంతే."

కరెంటు వచ్చింది. ఒక షెడ్డు తరువాత ఒక షెడ్డు మొదలై గల్లీ మళ్ళీ నిండిపోయింది. జీవన్ ఊపిరి వదిలి చెయ్యి తీసుకున్నాడు.

రాణి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు సీసా ముందు నిలబడింది. ఇవాళ ఒక్కరోజు ఊరుకుందామనుకుంది. అప్పుడు మళ్ళీ హైదరాబాద్ కళ్ళముందుకు వచ్చింది. మళ్ళీ తల తెరుస్తారు. మళ్ళీ ముళ్ళు లేవవు. అదే గొంతు అదే మాట అంటుంది, అతను కదలలేక వింటాడు. చేసినదంతా వట్టిదై మళ్ళీ కుట్టి పంపుతారు. మూత తిప్పింది. నిన్నటికంటే ఎక్కువే వంచేసింది. ఆ మర్నాటికి సీసాలో వాసనకు తప్ప కల్లు లేదు.

సమ్మవ్వ చుట్టిన బీడీ చేతిలోనే విచ్చుకుంది. మళ్ళీ చుట్టింది. దారం కట్టబోతే వేలు తప్పింది, తంబాకు ఒళ్ళో పడింది.

"ఆకుల తడి ఎక్కువుంది," అని తిట్టింది. "ఏమి ఆకు ఇస్తున్నడో ఏమో వాడు. చేతికి చిక్కుత లేదు."

అదే ఆకుతో రాణి చుట్టిన బీడీలు చాటలో కుదురుగా పడి ఉన్నాయి. సమ్మవ్వ వాటిని ఒకసారి చూసింది. చుట్టడం చిన్నప్పుడే వచ్చిన మనిషి. టీవీ చూస్తూ, పక్కింటివాళ్ళతో పోట్లాడుతూ కూడా చుట్టేది. ఇప్పుడు రెండు చేతులనూ మోకాళ్ళ మధ్య పెట్టి నొక్కి, కాసేపు ఉంచి, మళ్ళీ ఆకు తీసుకుంది.

"రాత్రి తలుపు కొట్టిండ్రు కద, ఎవరే?"

"ఎవ్వరు కొట్టలే అత్తమ్మా."

"కొట్టిండ్రు. నాలుగైదుసార్లు. నీకు మొద్దునిద్ర."

జీవన్ పక్క మీద లేచి కూర్చుని దుప్పటి దులుపుతున్నాడు. చీమలు అన్నాడు. రాణి దుప్పటి విప్పి ఎండలో ఆరేసి చూసింది. ఒక్క చీమ లేదు. అతని బనియను వెన్ను అంతా తడిసి ఉంది. అన్నం కలిపి పెడితే ముద్ద నోటిదాకా పోయేలోపు మెతుకులు రాలాయి.

రాణికి భయం వేసింది. అయినా తనకు తానే చెప్పుకుంది. జ్వరం తగ్గేముందు చెమట పట్టదా? లోపలిది బయటికి పోతోంది. ఇంకొక్క రెండు రోజులు ఓర్చుకుంటే అంతా కడిగినట్టవుతుంది.

మర్నాడు పొద్దున్నే, పాల ప్యాకెట్ కత్తిరిస్తుండగా, ముందుగదిలో ఏదో బరువు పడిన చప్పుడైంది.

జీవన్ నేల మీద ఉన్నాడు. ఒళ్ళంతా కట్టెలా బిగుసుకుంది. కళ్ళు పైకి పోయాయి. ఆ తర్వాత కొట్టుకోవడం మొదలైంది. మడమలు బండల మీద టకటకమంటున్నాయి. ఆ గుండీ వెతుక్కోవడం, ఆ చప్పరింపు, ఏవీ లేవు. రాణి అతని తల కింద తన చెయ్యి దూర్చింది, కుట్ల గీత నేలకు తగలకుండా. సమ్మవ్వ ఎప్పుడూ చేసే పని చేసింది, గోడ మేకుకున్న తాళంచెవుల గుత్తి తెచ్చి కొడుకు పిడికిట్లో పెట్టబోయింది. ఆమె చేతులే ఊగుతున్నాయి. గుత్తి గలగలా ఊగి కింద పడింది. మళ్ళీ తీసి పెట్టింది. మళ్ళీ పడింది.

"ఏమైందే వీనికి? గిట్ల ఎన్నడు రాలే కదే!"

ఆగింది. అతను గురక పెడుతున్నాడు. నోటి పక్క నురగలో నెత్తురు జీర. అమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ బిగుసుకున్నాడు.

చంద్రయ్య ఆటోవాణ్ణి లాక్కొచ్చాడు. ఆటోలో జీవన్ మళ్ళీ కొట్టుకున్నాడు. రాణి ఒళ్ళో అతని తల. చెయ్యి చాలక కొంగు కూడా అడ్డం పెట్టింది. తనే చేసింది. వేరే ఎవరూ కాదు. ఆ మాట ఆటో ఎగిరినప్పుడల్లా లోపల ఎగిరి పడుతోంది.

సిరిసిల్ల దవాఖానలో సూది మందు వేశాక కొట్టుకోవడం నిలిచింది. అతను పడుకున్నాడు. నర్సు బయట ఉండమంది. వరండా చివర, చెప్పులు విడిచే చోట నిలబడి రాణి మెహజబీన్‌కు ఫోన్ చేసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక బియ్యం కడిగిన నీళ్ళ దగ్గరే మొదలుపెట్టింది.



"మేడమ్?"

"ఇంటున్న అక్కా. ఒక్కసారే బంద్ పెట్టినవా? ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. మీరు చూడుమన్నరు కద అని..."

"చూడుమన్న. బంద్ పెట్టుమనలే." నిట్టూర్చింది. "నేను గూడ పూర విప్పి చెప్పలే ఆనాడు. ఇను. పౌడర్ కల్లుల కలిపేది నిద్రగోలీల జాతిది. ఇప్పుడు ఫిట్స్ ఆపెటందుకు ఇచ్చిన సూది గూడ దానికి చుట్టమే. గందుకే గా దినం ముండ్లు దాక్కున్నయ్. రోజు తాగే ఒంట్ల నుంచి ఒక్కపెట్టున గుంజేస్తె మెదడు తిరగవడ్తది. పానం పోతుండె అక్కా."

రాణి గోడకు ఆనుకుంది. వరండాలో ఎవరో నేల తుడుస్తున్నారు. ఫినాయిల్ వాసన.

"ఇగ ఎట్ల మేడమ్?"

"గోలీలిచ్చి, కొలిచి, కొంచెం కొంచెం తగ్గించుకుంట రావాలె. అండ్ల ఏమున్నదో తెల్వాలె. శనివారం పెద్ద డాక్టరు జగిత్యాలల చూస్తడు. నిండు సీసా పట్టుకొని పోండ్రి, లోపలేమున్నదో పరీక్ష చేపిస్తడు. నేను ఉండ. నన్ను మీ కేసుల నుంచి తీసేసిండ్రు."

"మా మామ ఫోన్ చేసినందుకా?"

"గది ఇడిచిపెట్టు అక్కా."

"నేను చెప్త మేడమ్. కల్లు సంగతి నేనే చెప్త డాక్టరుకు."

"నువ్వు చెప్తె అత్తకోడండ్ల పంచాది అనుకుంటరు. ఏం లెవ్వని గామెనే కద చెప్పింది. పోసినామెనే చెప్పాలె."

రాణి చుట్టూ చూసింది. బెంచీ మీద సమ్మవ్వ చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. చెప్పాలా వద్దా అని ఇన్నాళ్ళూ అనుకుంటున్న ఇంకో మాట అప్పుడు చెప్పేసింది.

"ఆయనకు ఇనవడ్డదట మేడమ్. లోపల. ఇంకా తగ్గించిన సార్, ఏం వస్తలేదు అని మీరన్నది."

ఫోన్ కట్ అయిందేమోనని రాణి తెర చూసింది. కట్ కాలేదు.

"గదే అన్న," అంది మెహజబీన్. "అల్లా. గదే అన్న. రోజు గా మత్తుకు అలవాటైనోనికి మా మత్తు ఆనది. నాకు ముందుగాల తెలిస్తె వేరే తీరుగ ఇస్తుంటి." ఆగింది. "మల్ల ఆపరేషన్ల నేనుంటె, మత్తు తగ్గించే ముందు చెవి కాడ చెప్త. జీవన్, ఇది నేను, కోరుట్ల మెహజబీన్ను, ఇనవడ్డా బుగులు పడకు, ఇంకింతసేపే అని. గని నేనుండాలె కద అక్కా."

ఫోన్ పెట్టేసే ముందు, అత్త చేతులు వణుకుతున్నాయని రాణి చెప్పింది. ఆమెకు కూడా ఒక్కసారే ఆపొద్దని, ఇవాళ సగం పోయమని, ఆమెను కూడా డాక్టరుకు చూపించమని మెహజబీన్ చెప్పింది.

దవాఖాన నుంచి వచ్చే దారిలో సమ్మవ్వ దుకాణం నుంచి కొత్త సీసా తెచ్చి, తాగకుండా బకెట్ నీళ్ళలో పెట్టింది. దాని మూత తీయకముందే, ఆ సాయంత్రం రాణి ఇంట్లో అత్తమామలిద్దరి ముందూ, గోలీలతో జీవన్‌ను దవాఖాన నుంచి తెచ్చి పడుకోబెట్టాక, చెప్పింది. ఎన్ని రోజులుగా ఏం కలిపిందో, మెహజబీన్ ఏమందో, జీవన్‌కు లోపల ఏం వినపడిందో, అంతా. చెబుతున్నంతసేపూ నేల మీది బండల అతుకునే చూసింది.

చంద్రయ్య లేచాడు. "నా కొడుకు నోట్ల కుడితి పోసినవా? సంపుదామనే పోసినవా?"

"లేదు మామ..."

"గా పోరి, నువ్వు, ఇద్దరు కలిసి మా ముసల్దాని మీదికి తోస్తుండ్రు. కోరుట్ల, కోరుట్ల ఒక్కటైండ్రు."

"పౌడర్ సంగతి మీకు గూడ ఎర్కనే కద."

"గది బయటి ఊర్లల్ల! మన దుకాణం మంచిది." వంటింట్లోకి నడిచాడు. బకెట్‌లోని సీసా తీసి, మూత లాగి, వాకిట్లోకి పోయి మందార మొదట్లో గుమ్మరించబోయాడు.

"ఆగు," అంది సమ్మవ్వ.

గోడకు ఆనుకుని, ఎదుట చాట పెట్టుకుని, దారం కట్టలేని బీడీని పట్టుకుని కూర్చుంది. చాటను పక్కకు జరిపి రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ళు గాలిలో ఆడుతున్నాయి.

"పిలగానికైతె తలల రోగమున్నది. నాకేం రోగమున్నదని గిట్లయితున్నయ్?"

"ముసల్దానివైతున్నవ్."

"మొన్న ఐతారం దాక ముసల్దాన్ని కాకుంటినా?"

రాణి మామ చేతిలోంచి సీసా తీసుకుంది. అతను ఆపలేదు. చాయ్ గ్లాసులో సగానికి, అందరికీ కనపడేలా, పోసి అత్త ముందు పెట్టింది. ఈసారి అందులో ఏమీ కలపలేదు. "డాక్టరమ్మ పొయ్యుమన్నది అత్తమ్మా. మొత్తం బంద్ పెట్టద్దట."

సమ్మవ్వ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగింది. గ్లాసు పళ్ళకు తగిలి చప్పుడైంది. తాగి, ఖాళీ గ్లాసు కింద పెట్టి, చేతులను మళ్ళీ మోకాళ్ళ మీద చాపి పెట్టుకుంది. వాటినే చూస్తూ కూర్చుంది. పక్క షెడ్డులో సాంచలు ఆడుతున్నాయి. కొంతసేపటికి చిటికెన వేళ్ళు నిలిచాయి. తర్వాత మిగతావి. చివరికి రెండు చేతులూ మోకాళ్ళ మీద, వేరెవరివో తెచ్చి పెట్టినట్టు, కదలకుండా ఉన్నాయి.

సమ్మవ్వ ముఖం చూసి రాణికి ఎన్నడూ లేని భయం వేసింది.

"నేనే పోసిన," అంది సమ్మవ్వ. అది వాళ్ళతో అన్న మాట కాదు. లోపలి గదిలో పడుకున్న కొడుకు తల వైపు, ఆ కుట్ల గీత వైపు చూస్తోంది. "రాత్రిపూట పండుతలేడని చిన్నప్పటిసంది నేనే పోసిన."

"అత్తమ్మా, రేపు జగిత్యాలల డాక్టరు ముంగట చెప్తవా?"



"చెప్పుడు లేదు, ఏం లేదు," అన్నాడు చంద్రయ్య. గొంతులో ముందటి బలం లేదు. "కన్నతల్లే తాపి చెడగొట్టిందని ఊరంత అనుకోవాల్నా? దవాఖానకు పోండ్రి, గోలీలు రాపిచ్చుకోండ్రి, రాండ్రి. సీసా గీసా ఎవ్వరు తీస్కపోవద్దు." మిగిలిన కల్లును తీసుకుపోయి ఈసారి నిజంగానే మందార మొదట్లో పోశాడు. ఖాళీ సీసాను కాలితో నొక్కి చదును చేసి గోడ అవతలికి విసిరేశాడు.

సమ్మవ్వ చెప్పులేసుకుని బయటికి పోయింది. ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. పొద్దు గుంకాక తునికాకు గోనెసంచి చంకన పెట్టుకుని వచ్చింది. రాణి అన్నం పెడితే తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

పొద్దున జగిత్యాల బస్సుకు రాణి త్వరగా తయారైంది. ఎలాగైనా తనే చెప్పాలని నిశ్చయించుకుంది. సీసా లేదు. నమ్ముతారో లేదో. జీవన్‌కు చొక్కా తొడిగి, తల చుట్టూ తువ్వాలు వదులుగా కట్టింది. గోలీల మత్తులో అతని కళ్ళు నెమ్మదిగా కదులుతున్నాయి.

"గా డాక్టరమ్మ వస్తదా?" అన్నాడు.

"ఇయ్యాళ రాదు."

"మల్ల కోసేటప్పుడు?"

రాణి తువ్వాలు ముడి సర్దింది.

మూలలో సమ్మవ్వ గోనెసంచి ముందు కూర్చుని ఉంది. తడి ఆకు కట్టలను ఒక్కొక్కటిగా తీసి నేల మీద పెడుతోంది. ఈ వేళప్పుడు ఆకు ఎందుకు తీస్తోందో రాణికి అర్థం కాలేదు. అడుగు కట్ట తీశాక ఆమె చెయ్యి సంచి లోపలికి పోయింది. సీసాతో బయటికి వచ్చింది. కొత్త సీసా. మెడదాకా నిండుగా ఉంది. మూత మీద పాలిథిన్ కవరు కట్టి, బీడీల దారంతో చుట్లు చుట్లుగా బిగించి ఉంది. ఆ చుట్లు వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

జీవన్ దానిని చూశాడు. గొంతు కదిలింది. చూపు తిప్పుకోలేకపోయాడు. సమ్మవ్వ చేతులు మళ్ళీ వణుకుతున్నాయి. సీసాలో కల్లు అంచుల దాకా ఊగుతోంది. ఒక్క గుక్క తాగితే అవి నిలుస్తాయి. ఆ గదిలో ఉన్న అందరికీ అది తెలుసు.

ఆమె సీసాను తన పాత రైక గుడ్డలో చుట్టి, చేతిసంచిలో నిలువుగా నిలిపి, పక్కకు ఒరగకుండా కొడుకు స్కానింగుల కవరును అటూ ఇటూ ఆసరాగా దూర్చింది. లేచి నిలబడి కొంగు దోపుకుంది.

చంద్రయ్య గడప మీద నిలబడి ఉన్నాడు. సంచి వైపు చూశాడు. "ఏందది?"

సమ్మవ్వ అతని ముఖంలోకి చూసింది. దారి ఇచ్చేదాకా అక్కడే నిలబడింది. అతను ఒక అడుగు పక్కకు జరిగాడు.

సంచిని రెండు చేతులతో ఛాతీకి అదుముకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక వస్తున్నారో లేదో తిరిగి చూడకుండా సమ్మవ్వ గడప దాటింది.